గంగవ్వ గోడ

చంద్రాపూర్ శివార్లలో, బల్లార్షా రోడ్డు పక్కన ఉండే మా బట్టీ లైన్‌లో పుట్టిన పిల్లలందరికీ ముక్కులు ఒకేలా ఉంటాయి. కొత్తవాళ్లు చూసి ఇంకేదో అనుకుని నోరు నొక్కుకుంటారు. అలాంటిదేం లేదు. పుట్టిన ప్రతి పిల్లకూ నీళ్లు పోసి, ముక్కు నలిచి, తల గుండ్రంగా ఒత్తింది గంగవ్వే. ఆవిడ అరచెయ్యి ఒక్కోటి జొన్నరొట్టె అంత. ఆ చేతుల్లో పడ్డ పిల్ల కేక పెడితే, గార్డు ఈల వేశాడనుకుని బల్లార్షా స్టేషన్లో బండి కదిలిపోయేది.

లైన్‌లో అందరం తెలుగువాళ్లమే. రాజురా, కోర్పనా పక్క ఊళ్ల నుంచి తాతల కాలంలో చీనీమట్టి పనికి, అదే పింగాణీ పనికి వచ్చాం. ఫ్యాక్టరీలో ఊరగాయ జాడీలు, కరెంటు స్తంభాల మీద తీగలు కట్టే తెల్ల గుబ్బలు చేస్తారు. వాటిని కాల్చడానికి ఒక బొగ్గు బట్టీ ఉండేది. ఎంత పెద్దదంటే, చల్లారితే లోపల పెళ్లి చేసి బంతి భోజనాలు పెట్టొచ్చు. అసలు చల్లారితే కదా! గంగవ్వ మొగుడు భూమన్న దానికి బొగ్గు వేసేవాడు. ఒక చలికాలం బట్టీ పైకప్పు మీద వెచ్చగా పడుకుని, పొగ పీల్చి, మళ్లీ లేవలేదు. శవం ముఖం మీద నవ్వు ఉందట. పెళ్లయ్యాక ఆయన నవ్వింది అదొక్కసారేనని లైన్‌లో అనుకుంటారు.

ఫ్యాక్టరీ సేఠ్ మహా గట్టి మనిషి. చేతికి ఎంగిలైతే కడుక్కోడు, ఆ నీళ్లు వృథా అని. భూమన్న పోయినందుకు ఆయన ఇచ్చింది ఒక్కటే. "బట్టీ వెనక గోడ నీదే తీసుకో, గంగాబాయీ" అన్నాడు. గోడను ఏం చేసుకుంటుందని మేమంతా నవ్వాం.

గంగవ్వ ఆ గోడకు రేకుల పంచ దించింది. ఇనుప డ్రమ్ములు తెచ్చి గోడకు ఆనించి నిలబెట్టింది. వారం తిరిగేసరికి లైన్‌లో వేడినీళ్లంటే గంగవ్వ, గంగవ్వంటే వేడినీళ్లు. వడియాలు ఆరేది ఆ గోడ దగ్గరే, వానాకాలం బట్టలు ఆరేది అక్కడే, బాలింతలు వీపు కాపుకునేది అక్కడే. పొయ్యిలో కట్టె పెట్టి నీళ్లు కాచడం ఎలాగో లైన్ ఆడవాళ్లు మరిచిపోయారు.

కానీ నీళ్లు ఊరికే దొరికేవి కావు. బకెట్ తెచ్చిన మనిషి మొదటి చెంబు గోడ మొదట్లో పోసి, చేతులు జోడించి, "గంగవ్వ గోడకు దండం" అనాలి. మెల్లగా అంటే కుదరదు.

"ఏందే, గొంతుల కప్ప కూసున్నదా? లైనంత ఇనాలె. అను మల్ల!"

గంగవ్వకు కోపం వస్తే బకెట్ బోర్లించేది. బోర్లించిన బకెట్ మళ్లీ నిండాలంటే ఆమె మనసు కరగాలి. ఆమె మనసు కరగడం కంటే చీనీమట్టి గుబ్బ కరగడం సులువు.

పద్మ సంగతి చెబుతాను, ముందు ముందు పని ఉంది. పద్మ మట్టి పిసికే పనిలో ఉండేది. ఒకరోజు నలుగురిలో, "గంగత్త పిల్లలకు నీళ్లు వోస్తుంటే కోడికి ఈకలు పీకినట్టే ఉంటది" అని నవ్వింది. ఆ మాట మధ్యాహ్నానికల్లా గంగవ్వ చెవిన పడింది. ఎవరు చెప్పారో దేవుడికే తెలియాలి. ఆ చలికాలమే పద్మ కొడుకును కంది. పురిటి ఒంటితో బకెట్ పట్టుకొచ్చింది.

"అత్తా, పిల్లగానికి జెరన్ని నీళ్లు వొయ్యి."

"కోడికి నీళ్లెందుకే? కోసుక తినురి" అని బకెట్ బోర్లించింది గంగవ్వ.

పద్మ కాళ్లు పట్టుకుంది. చలికాలం మొత్తం ఆ బకెట్ అలాగే బోర్లా ఉంది. చెంబెడు వేడినీళ్లు మాలో ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే మా బకెట్ కూడా బోర్లా పడుతుంది. పద్మకు చలిజ్వరం పట్టింది, పిల్లవాడికి దగ్గు పట్టింది. వాడు దగ్గితే మా ఇళ్ల గోడల సున్నం రాలేది. తర్వాత పద్మ మొగుడు అప్పో సప్పో చేసి బజారు నుంచి నీళ్లు కాచే కరెంటు రాడ్ తెచ్చాడు. బకెట్‌లో ముంచి స్విచ్ వేస్తే నీళ్లు కాగుతాయి. "పామును ముంచుకుని తానం జేస్తరు!" అని గంగవ్వ వీధిలో నిలబడి నవ్వింది. మేమూ నవ్వాం.

ఇక గంగవ్వ ఇంటి సంగతి. ఒక్కడే కొడుకు, ఎల్లేష్. వాడికి గోండ్‌పిప్రి పిల్ల విద్యను చేసుకుంది. విద్య నీళ్లోసుకుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని విద్య తల్లి వెంకటమ్మ గోండ్‌పిప్రి బస్సు దిగి వచ్చింది. గంగవ్వ వినలేదు. లైన్‌లో పిల్లలందరికీ నీళ్లు పోసిన చేతులు, సొంత కొడుకు బిడ్డకు పోయకపోతే ఎట్లా?

"మీ తాన ఏమున్నది వదినె? అడివి చలి, పచ్చి కట్టెలు" అంది గంగవ్వ.

"మా పొల్లను మేం సాదుకోలేమా? గా మసి గోడ తాననే కనాల్నా?"

మసి గోడ అనేసరికి గంగవ్వ లేచి నిలబడింది. గోడ మీద అరచెయ్యి వేసి, లైనంతా వింటుండగా ఒట్టు పెట్టింది.

"నా గోడ సల్లబడ్డనాడు నీ బిడ్డను, దాని పిల్లను తీస్కపో. నేను అడ్డమొస్తే చెప్పుతోని కొట్టు. గోడ వేడున్నన్ని దినాలు మాత్రం నా మనవనో మనవరాలో నా చేతులనే ఉంటది."

వెంకటమ్మ గోడను ముట్టి, చెయ్యి కాలి, నోరు మూసుకుని బస్సెక్కింది.

ఆ గోడ ఎందుకు చల్లబడుతుంది? సూర్యుడు చల్లబడతాడేమో గానీ. అప్పుడే వచ్చిపడింది ముసలం.

ఊళ్లోకి కేబుల్ టీవీలూ, సుమో బండ్లూ, రకరకాల కూల్‌డ్రింకులూ ఒకేసారి దిగిన ఏళ్లవి. బయటి దేశాల కంపెనీలకు తలుపులు బార్లా తీశారు కదా. అలా వచ్చిన ఒక కంపెనీ మా సేఠ్ గుబ్బలు కొంటానంది. కాకపోతే బొగ్గుతో కాల్చినవి వద్దంది. పొగలో కార్బన్ ఉంటుందట, అది ఆకాశానికెక్కి భూమిని వేడెక్కిస్తుందట. అప్పటిదాకా ఆకాశం వైపు తలెత్తి చూడని సేఠ్‌కు ఆకాశం మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. బొగ్గు బట్టీ పడగొట్టి కరెంటు బట్టీ పెట్టిస్తానన్నాడు. మన కరెంటు కూడా అవతల బొగ్గు కాలిస్తేనే కదా వచ్చేదని ఎవరో అడిగారు. "అది వాళ్ల పొగ, మనది కాదు" అన్నాడు సేఠ్.

బట్టీ కట్టడానికి గుంటూరు వైపు నుంచి భానుప్రకాశ్ అనే ఇంజనీరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగకుండా ఉండాలని కూర్చోకుండానే అన్నం తినే మనిషి. ఇనుప రేకుల పెట్టెలాంటి బట్టీ, పాత దాంట్లో సగం కూడా లేదు. రేకుకూ లోపలి ఇటుకకూ మధ్య తెల్లటి దూది పొరలు పొరలుగా పరిపించాడు. ఆ పని చేసేటప్పుడు ఆయనా, ఆయన ఫిట్టర్లూ చేతులకు తొడుగులు, మూతికి గుడ్డలు కట్టుకున్నారు. "మన మట్టి అంటుతదని సారు మడి కట్టుకున్నడు" అని మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయనేదో ఇంగ్లీషులో చెప్పాడు కూడా. వినేవాడెవడు?

పాత బట్టీ పడగొట్టిన రోజు గంగవ్వ గుండెలు బాదుకుంది. సేఠ్ ఆమెను కొత్త షెడ్డు ఊడ్చే పనిలో పెట్టి, ఎల్లేష్‌కు కొత్త బట్టీ మీటలు తిప్పే కొలువిచ్చి నోరు మూయించాడు. గంగవ్వ కూడా ఆలోచించింది. బట్టీ అంటే బట్టీయే, ఇటుకదైతేనేం రేకుదైతేనేం, నిప్పున్నచోట గోడ కాలక చస్తుందా? డ్రమ్ములు తెచ్చి కొత్త బట్టీ వెనక రేకుకు ఆనించి నిలబెట్టింది.

బట్టీ మొదలైన రోజు భానుప్రకాశ్ అందరినీ పిలిచాడు. వెన్నముద్ద ఒకటి వెనక రేకు మీద అంటించాడు.

"లోపల పన్నెండు వందల డిగ్రీలండీ. చూడండి, వెన్న కరగలేదు. అంతా ఈ దూది మహిమ. వేడిని గడప దాటనివ్వదు. ఏమ్మా, మీరు రండి, చెయ్యి పెట్టి చూడండి. భయం లేదు."

ఆయన పిలిచింది గంగవ్వను. అందరిలో ఆమెనే ఎందుకు పిలిచాడో, ముందు నిలబడింది కాబట్టి పిలిచి ఉంటాడు. గంగవ్వ చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి పెట్టింది. చెంప ఆనించింది. శవాన్ని ముట్టినట్టు వెనక్కి జరిగింది.

"సల్లగుందా అత్తా?" అని వెనక నుంచి పద్మ అడిగింది, కొడుకును చంకనేసుకుని.

అప్పటికి విద్యకు నెలలు నిండాయి.

మా ఫ్యాక్టరీకి వారానికో రోజు కరెంటు కోత. ఆ రోజు షెడ్డులో మనుషులుండరు, ఊడ్చే గంగవ్వ తప్ప. కొడుకు స్క్రూడ్రైవర్ నడుముకు దోపుకుని, పట్టపగలే వెనక రేకు విప్పింది. లోపలి దూదిని రెండు చేతులా లాగేసింది. మళ్లీ రేకు బిగించింది. దూదిని చీపురు కింద కప్పి తట్టలో ఇంటికి తెచ్చింది. తెల్లగా, మెత్తగా, వరోరా పత్తిని తలదన్నేలా ఉంది. గంగవ్వ బుర్ర ఊరికే ఉంటుందా? వేడిని గడప దాటనివ్వని దూది అని సారే చెప్పాడు. చలికాలం పుట్టే బిడ్డకు ఇంతకంటే మంచి బొంత ఏముంటుంది? పాత నేత చీర తీసి, ఆ దూది నింపి, చుట్టూ ఎర్ర దారంతో కుట్టి బొంత చేసింది. నేను చూశాను. మహారాణి పిల్లలు కూడా పడుకోని బొంత.

మర్నాడు కరెంటు వచ్చింది. సాయంత్రానికి వెనక రేకు కాలింది. డ్రమ్ముల్లో నీళ్లు సలసల కాగాయి. గంగవ్వ వీధిలోకొచ్చి కేకేసింది.

"బకెట్లు తేండ్రే! మా గోడను సల్లార్చెటోడు ఇంక పుట్టలే!"

మేం పరిగెత్తుకుంటూ వెళ్లాం. దండాలు మళ్లీ మొదలయ్యాయి. విద్య ఆ వారమే ఆడపిల్లను కంది. గంగవ్వ మనవరాలిని కాళ్ల మీద బోర్లా వేసుకుని, వేడినీళ్లు పోసి, ముక్కు నలిచి, బొంతలో చుట్టింది. మా కళ్లకు ఆమె ఆకాశమంత ఎత్తుగా కనబడింది.

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు, ఆపితే చచ్చిపోతానన్నట్టు ఏడ్చింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. దద్దుర్లు చూసి గంగవ్వ ఇంకా ఎక్కువ నీళ్లు పోసింది, ఇంకా గట్టిగా రుద్దింది, ఇంకా బిగించి బొంతలో చుట్టింది. చర్మం చిట్లి రసి కారింది. జ్వరం పట్టుకుంది.

"దిష్టి!" అని తేల్చేసింది గంగవ్వ. "గా పద్మ కండ్లు. నా మనవరాలు వేడినీళ్లు పోసుకుంటుంటే దాని కడుపు మండింది."

ఉప్పు, ఎండుమిర్చి పట్టుకుని పద్మ గుమ్మం ముందుకొచ్చింది. దిష్టి పెట్టిన మనిషి కాలి కింద మన్ను తియ్యాలి కదా. నలుగురి ముందు పద్మ చెయ్యి పట్టి బయటికి లాగి, "కాలు లేపే" అని మన్ను గీరింది.

"అత్తా, నా కొడుకు మీదొట్టు. నేను నీ మనవరాలి మొకం గూడ సూడలే."

"సూడకుంటనే గిట్లైంది. సూస్తే సచ్చు."

మన్ను, ఉప్పు, మిర్చి పిల్ల చుట్టూ తిప్పింది. వాటిని నిప్పుల్లో వెయ్యాలి. బట్టీలో వేద్దామంటే అక్కడ నిప్పే లేదు, మీటలున్నాయి. నేరుగా పద్మ ఇంట్లోకి పోయి, ఉడుకుతున్న అన్నం గిన్నె తన్నేసి, ఆ పొయ్యిలో పోసింది. మిర్చి ఘాటుకు దగ్గు పిల్లవాడు నీలంగా మారిపోయాడు. మేం గుమ్మాల్లో నిలబడి చూశాం. గంగవ్వ గోక్కుంటూ గోక్కుంటూ ఇంటికెళ్లింది. ఆమె చేతులు మోచేతుల దాకా అప్పటికే ఎర్రగా పొక్కి ఉన్నాయి.

ఇటు ఫ్యాక్టరీలో ఇంకో గోల. బట్టీలో వెనక వరస గుబ్బలు పచ్చిగానే ఉండిపోతున్నాయి. తడితే ఖంగుమనాల్సినవి దబ్బుమంటున్నాయి. భానుప్రకాశ్ చుట్టూ తిరిగి తిరిగి వెనకాలకొచ్చాడు. రేకు ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. డ్రమ్ముల దగ్గర చేతులు గోక్కుంటున్న గంగవ్వను చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"అమ్మా, ఆ దూది ముట్టుకున్నారా? అది దూది కాదమ్మా! కంటికి కనబడని గాజు ముళ్లలాంటిది. తొడుగుల్లేకుండా మేమే ముట్టుకోం. ఎక్కడ పెట్టారు?"

గంగవ్వ ఇంటివైపు చూసింది. ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినబడుతోంది. వెంటనే మాకందరికీ అర్థమైపోయింది.

మనవరాలికి బాగాలేదని కబురందుకున్న వెంకటమ్మ సరిగ్గా అప్పుడే బస్సు దిగింది. ఇంటి ముందు, ఎల్లేష్ ఆ బొంత కుట్లు తెంపాడు. తెల్లటి పోగులు ఎండలో మెరుస్తూ ఎగిరాయి. మేమంతా కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి దూకాం. విద్య పిల్లను తల్లి చేతుల్లో పెట్టేసింది. అత్తవైపు చూడను కూడా లేదు.

అప్పటికీ గంగవ్వ వదల్లేదు.

"ఒట్టు ఒట్టే వదినె! నా గోడ సల్లబడలే. రా, చెయ్యి వెట్టి సూడు, ఎట్ల కాలుతున్నదో! పిల్లను తీస్కపోనీకి నీకు హక్కు లేదు."

వెంకటమ్మ నిజంగానే పిల్లను ఎత్తుకుని బట్టీ వెనక్కి వెళ్లింది. ఒక చెయ్యి రేకు మీద పెట్టింది. తర్వాత అదే చెయ్యి పిల్ల నుదుటి మీద పెట్టింది.

"నిజమే వదినె, నీ గోడ వేడిగనే ఉన్నది. కాని పిల్ల గంతకన్న వేడిగున్నది."

"బస్ ఝాలా!" అని గొడవ విని వచ్చిన సేఠ్ అరిచాడు, ఇక చాలించండని. "ఎల్లేష్, నువ్వే దూది పెట్టి బిగించాలి. లేకపోతే తల్లీకొడుకులు ఇద్దరూ బయటికి నడవండి."

ఎల్లేష్ తొడుగులు వేసుకున్నాడు. గంగవ్వ కొడుకు కాళ్లకు అడ్డంపడింది.

"బిడ్డా, గోడ సల్లార్చకురా. పిల్ల పోతదిరా."

"జరుగవ్వా" అన్నాడు వాడు. అంతే అన్నాడు. కొత్త దూది పరిచి, రేకు బిగించి, చెంప ఆనించి చూసుకున్నాడు. డ్రమ్ములు మధ్యాహ్నానికి గోరువెచ్చగా, ఆ తర్వాత చల్లగా అయ్యాయి.

బస్సెక్కే ముందు పిల్ల ఒంటి మీది పోగులు పోయేలా, రుద్దకుండా, గోరువెచ్చటి నీళ్లు ధారాళంగా పొయ్యాలని భానుప్రకాశ్ చెప్పాడు. బస్సుకు టైమవుతోంది, పొయ్యి రాజేసి కాచే వ్యవధి లేదు. వేడినీళ్లు లైన్‌లో ఒక్కచోటే ఉన్నాయి.

గంగవ్వ బకెట్ పట్టుకుని పద్మ గుమ్మం ముందు నిలబడింది. పద్మ తొందరపడలేదు. పీట తెచ్చి, దాని మీద నీళ్ల బకెట్ పెట్టి, రాడ్ ముంచి, స్విచ్ వేసింది. మేమంతా చేరాం. ఎవరు మాత్రం పోతారు అలాంటి చోటు నుంచి?

"ఇస్త అత్తా. ఎందుకియ్య. దండం వెట్టు ముంగట."

"ఎవలికే?"

"రాడ్‌కు."

గంగవ్వ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. మాలో ఒక్కరం కూడా వద్దనలేదు. పొక్కిన చేతులు జోడించింది.

"పద్మ రాడ్‌కు దండం."

"ఏంది అత్తా, గొంతుల కప్ప కూసున్నదా? లైనంత ఇనాలె."

వెంకటమ్మ చేతుల్లో పిల్ల కీచుమంది. గంగవ్వ గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు ఆవర్‌పూర్ దాకా వినబడి ఉంటుంది.

పద్మే పిల్లను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. ఎంత మెత్తగా పోసిందంటే పిల్ల రోజుల తర్వాత మొదటిసారి ఏడుపు ఆపింది. గంగవ్వ దగ్గరికి రాబోతే, "ముట్టకు! నీ చేతులకు ముండ్లున్నయి. గాడ నిలవడి స్విచ్ బంద్ జెయ్" అంది. గంగవ్వ వెళ్లి స్విచ్ దగ్గర నిలబడింది. చెప్పినప్పుడు ఆపింది. చెప్పినప్పుడు వేసింది.

విద్యనూ పిల్లనూ ఎక్కించుకుని గోండ్‌పిప్రి బస్సు వెళ్లిపోయింది. పిల్ల బతికింది, కానీ మళ్లీ ఈ లైన్‌కు రాలేదు. ఎల్లేషే వెళ్లి వస్తుంటాడు. దాని ముక్కు మా ముక్కుల్లా లేదని చెప్పుకుంటారు.

లైన్‌లో ఇప్పుడు ఇంటింటికీ రాడ్. గంగవ్వ రోజూ షెడ్డు ఊడ్చి, ఆ చల్లటి రేకుకు వీపు ఆనించి కూర్చుంటుంది. దారిన పోయేవాళ్లను పిలుస్తుంది.

"గోరువెచ్చగుంది బిడ్డా. ముట్టి సూడు."

మేం ముడతాం. "అవునవ్వా, కాలుతున్నది" అంటాం. మలుపు తిరిగాక పడీ పడీ నవ్వుతాం.

మొన్న పద్మ కొడుకు ముట్టి, "సల్లగుంది" అనేశాడు. పద్మ అక్కడే వాడి చెంప పగలగొట్టి, "వేడిగుంది అనాలె" అని నేర్పింది. జాలిపడిందనుకునేరు. వేడిగుందంటేనే కదా, రేపు కూడా ఆవిడ అక్కడ కూర్చునేది.